నాలుగు, ఐదు తరగతుల టీచరుకి ట్రైనింగ్ ఎవరిస్తారు?

బడి ప్రశ్నలు: పాఠకుల ఉత్తరాలకు ఒక టీచర్ జవాబులు

వేసవి ట్రైనింగులు ముగిసి బళ్లు తెరిచిన రోజులు కావడంతో ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వాటి గురించే. అందులోనూ నాలుగు, ఐదు తరగతులు చూసేవాళ్లే ఎక్కువగా రాశారు. నేను కూడా గుంటూరులో ఆ తరగతులకే పాఠాలు చెబుతాను, ఆఫీసర్ని కాను, కాబట్టి జీవోలు, సీనియారిటీ లిస్టుల సందేహాలు పక్కనపెట్టి క్లాసుకి సంబంధించినవే ఏరుకున్నాను. పొడుగ్గా ఉన్న ఉత్తరాలను కుదించాను. ఊరు తప్ప పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మేడమ్, ఏ ట్రైనింగ్‌కి పిలిచినా వెళ్తున్నాను. ఫైలు, పెన్ను ఇస్తారు, ఆర్పీలు (ట్రైనింగ్ ఇచ్చే రిసోర్స్ పర్సన్లు) పీపీటీ చూపిస్తారు, పాటలు పాడిస్తారు, గ్రూపు వర్క్ అని చార్టు మీద రాయిస్తారు, చివరి రోజు ఫీడ్‌బ్యాక్ ఫారం. హాల్లో ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. సోమవారం క్లాసులోకి అడుగుపెడితే మళ్లీ పాత పద్ధతే. లోపం నాలో ఉందా, ట్రైనింగ్‌లో ఉందా?
ఎస్‌జీటీ (ప్రైమరీ తరగతుల టీచర్), పొన్నూరు దగ్గర

జవాబు: మాస్టారూ, మీలో లేదు. ఆర్పీలను కూడా నేను అనను, వాళ్లూ మనలాంటి టీచర్లే, వాళ్ల చేతికి పీపీటీ వచ్చేది ముందు రోజో ఆ ముందు రోజో, అదీ రాష్ట్రం నుంచి జిల్లాకి, జిల్లా నుంచి మండలానికి దిగేసరికి నాలుగు చేతులు మారిన పాలలా పల్చబడి ఉంటుంది. నా ఫిర్యాదు వేరే. ఒకటో తరగతి చెప్పేవాళ్లనీ ఐదో తరగతి చెప్పేవాళ్లనీ ఒకే హాల్లో కూర్చోబెట్టి అందరికీ ఒకటే చెబుతారు. 2021 జులై 5న నిపుణ్ భారత్ అనే కేంద్ర కార్యక్రమం మొదలైంది, మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డకీ చదవడం, రాయడం, లెక్కలు రావాలని, 2026-27 కల్లా అది సాధించాలని లక్ష్యం పెట్టుకున్నారు. మంచి లక్ష్యమే. కానీ దాంతో ప్రైమరీ ట్రైనింగ్ అంటే ఎఫ్‌ఎల్‌ఎన్ (పునాది చదువు, లెక్కలు) ట్రైనింగే అన్నట్టయిపోయింది. టీచర్లకి దేశమంతా ఇచ్చే నిష్ఠ ట్రైనింగ్ సంగతి చూడండి, 2019లో మొదలైన మొదటి విడత ఒకటి నుంచి ఎనిమిది వరకు ఎలిమెంటరీ వాళ్లందరికీ కలిపి, రెండో విడత హైస్కూలు వాళ్లకి, మూడోది ఎఫ్‌ఎల్‌ఎన్. మూడు దాటి ఆరు చేరని పిల్లల గురించి విడిగా మాట్లాడిందెప్పుడు? 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఐదు తరగతులకి ప్రిపరేటరీ దశ అని పేరు పెట్టి మరీ విడదీసింది గానీ ట్రైనింగ్ హాల్లో ఆ గీత ఎక్కడా కనపడదు.

మన పిల్లలకి తొమ్మిది, పదేళ్లు. చేతులూపుతూ పాట పాడమంటే సగం మంది సిగ్గుపడతారు, మిగతా సగం వాళ్లని చూసి నవ్వుతారు. పక్కవాడికి ఒక మార్కు ఎక్కువ ఎందుకు వేశారో లెక్క అడుగుతారు. ఒక మాట చెబితే ఎందుకలా అంటారు, మనం చెప్పింది నచ్చకపోతే మొహంలోనే తెలిసిపోతుంది. ఈ వయసుకి చెప్పడం ఒక విడి పని. ఒకటో తరగతి టీఎల్‌ఎం (బోధన సామగ్రి) కాస్త పెద్ద సైజులో చేస్తే సరిపోదు.

ఇంకో సంగతి. బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు 1980ల నుంచే ఇది చెబుతున్నారు: విన్నా, డెమో చూసినా, అక్కడికక్కడ ప్రాక్టీసు చేసినా క్లాసుదాకా చేరేది తక్కువ, తిరిగి వచ్చాక తోటి టీచరు ఎవరైనా మన గదిలోకి వచ్చి చూసి, మాట్లాడి, తోడుంటేనే అది అలవాటుగా మారుతుంది. మన దగ్గర ఆ చివరి భాగానికి ఏర్పాటు లేదు. ట్రైనింగ్ ముగిసిన రోజుతో కథ ముగుస్తుంది. కాబట్టి మీరే ఏర్పాటు చేసుకోవాలి. ట్రైనింగ్‌లో చెప్పిన పదిలో ఒక్కటి తీసుకోండి, ఒక్క సబ్జెక్టులో, ఒక్క నెల. పక్క క్లాసు టీచర్ని వారానికోసారి ఓ ఇరవై నిమిషాలు వచ్చి కూర్చోమనండి, మిమ్మల్ని కాకుండా పిల్లల్ని చూడమనండి. ఎవరు పెన్ను పట్టుకుని ఊరికే కూర్చున్నారు, ఎవరు పక్కవాడిది చూసి రాశారు, ఎవరికి మొదటి అడుగే తెలియలేదు, అంతే. మిగతా తొమ్మిదీ వదిలేయండి, ఎవరూ అడగరు.

ఏ ట్రైనింగ్‌కి వెళ్లినా నేను ఒకటే చూస్తాను: అక్కడ ఎవరైనా ఒక్క పిల్లవాడి నోటుబుక్కు బయటికి తీశారా లేదా. తీయకపోతే అది బడి గురించిన ఉపన్యాసం, అంతవరకే.

ప్రశ్న: ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక దీక్షాలో కోర్సులు చేయమని గ్రూపులో రోజూ మెసేజ్. నిజం చెప్పాలంటే వీడియో ఆన్ చేసి పక్కన పెట్టి కూర వండుకుంటున్నాను. సర్టిఫికెట్లు మాత్రం చాలానే వచ్చాయి. తప్పంటారా?
టీచర్, తాడేపల్లి

జవాబు: మీరొక్కరే కాదు లెండి, సాయంత్రం ఏడింటికి గుంటూరు, విజయవాడల్లో ఎన్ని వంటిళ్లలో ఆ వీడియోలు మోగుతుంటాయో. 2017 సెప్టెంబర్ 5న వెంకయ్యనాయుడు గారు ఉపరాష్ట్రపతిగా దీక్షాని ప్రారంభించారు. అందులో పనికొచ్చే సరుకు ఉంది, నేను కాదనను. జాతీయ విద్యా విధానం ఏడాదికి 50 గంటలు టీచరు తన వృత్తి మీద పెట్టాలంది, తనకి ఆసక్తి ఉన్న వాటినే ఎంచుకోవచ్చని కూడా అంది. ఆ రెండో మాట ఎవరూ గ్రూపులో ఫార్వర్డ్ చేయరు. ఎన్ని గంటలో లెక్కపెట్టడం తేలిక కాబట్టి గంటలే లెక్కపెడుతున్నారు. తప్పనిసరి కోర్సులు ఎలా పూర్తి చేస్తారో మీ ఇష్టం. మీకై మీరు మాత్రం ఒక్క కోర్సు ఎంచుకోండి, మీ పిల్లలు తడబడే పాఠానికి సంబంధించింది, దాన్ని పొయ్యి ఆపి చూడండి.

ప్రశ్న: మాది విజయవాడ మున్సిపల్ స్కూలు, నాలుగో తరగతి. మా పిల్లలు పాఠం గడగడా చదువుతారు, బేస్‌లైన్‌లో (మొదట్లో పెట్టే పరీక్షలో) కథ స్థాయి అని టిక్ కూడా పెట్టాను. చదివిన పేరాలోంచి ప్రశ్న అడిగితే నా మొహం చూస్తారు. అక్షరాలు రానివాళ్లకి ట్రైనింగ్ ఉంది, వచ్చి కూడా అర్థం కానివాళ్లకి లేదు. నేనేం నేర్చుకోవాలి, ఎక్కడ?
టీచర్, సింగ్‌నగర్

జవాబు: అమ్మా, ఈ నెల వచ్చినవాటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే, కాబట్టి కాస్త విస్తారంగా రాస్తాను.

చదవడం ఎలా ఎదుగుతుందో 1983లోనే దశలుగా విడదీసి చెప్పిన జీన్ చాల్ అనే ఆవిడ ఉన్నారు. మూడో తరగతి దాకా పిల్లలు చదవడం నేర్చుకుంటారు, నాలుగు నుంచి చదివి విషయాలు నేర్చుకోవాల్సి వస్తుంది, సరిగ్గా ఆ మలుపులోనే చాలామంది, ముఖ్యంగా పేదింటి పిల్లలు, వెనకబడతారని చెప్పారు. ఆవిడ చూసింది ఇంగ్లీషు చదివే పిల్లల్ని. మనకి దాని మీద ఇంకో బరువుంది. మన లిపిలో గుణింతాలు, ఒత్తులు కలిపితే గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి. మన లిపికి దగ్గరగా ఉండే కన్నడ మీద సోనాలీ నాగ్ చేసిన పరిశోధనలో అక్షరాలు పూర్తిగా పట్టుబడడానికే మూడు, నాలుగు తరగతుల దాకా పడుతుందని తేలింది. అంటే మీ క్లాసులో పిల్లలు ఇంకా ఒత్తుల దగ్గర కూడబలుక్కుంటూనే ఉంటారు, అదే సమయంలో పుస్తకం వాళ్లని అర్థం చేసుకోమంటుంది. అసర్ 2024 సర్వే ప్రకారం దేశంలో పల్లెల్లోని ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు సగానికి కాస్త తక్కువే. ఆ సర్వే చూసేది చదవగలరా లేదా అనేదే. చదివింది అర్థమైందా అని అడిగితే ఇంకెంతమంది జారతారో మీకూ నాకూ తెలుసు.

ఒక వాక్యం చూద్దాం, పరిసరాల పాఠంలో వచ్చేలాంటిదే: 'బ్యారేజీ వల్ల నీటిమట్టం పెరిగి, నదీజలాలను కాలువలకు మళ్లించడానికి వీలవుతుంది.' కృష్ణలంక పిల్లవాడు ప్రకాశం బ్యారేజీ మీద నడిచినవాడే, గేట్లు ఎత్తిన రోజు నాన్న భుజమెక్కి చూసినవాడే. మీ సింగ్‌నగర్ పిల్లలైతే 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్లు ఇంట్లోకి రావడం చూశారు, నీళ్ల గురించి వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా ఈ వాక్యం దగ్గర ఆగిపోతారు. మట్టం, మళ్లించడం, వీలవుతుంది, ఇవేవీ ఇంట్లో వినే మాటలు కావు. పైగా ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉన్న పుస్తకంలో రెండు వైపులా వాడికి కొత్త భాషే. మనం ఏం చేస్తాం, వాక్యాన్ని మన మాటల్లో కథలా చెప్పేస్తాం, వాడికి కథ అర్థమవుతుంది, వాక్యం అలాగే ఉండిపోతుంది. పరీక్షలో వాక్యమే వస్తుంది.

మీరు నేర్చుకోవాల్సింది ఇక్కడ ఉంది. వచ్చే వారం చెప్పబోయే పాఠంలో ఒక్క పేరా ముందుగా తీసుకుని, మీ క్లాసులో మధ్యస్థంగా చదివే ఒక అమ్మాయిని మనసులో పెట్టుకుని, ఆ అమ్మాయి ఎక్కడెక్కడ ఆగుతుందో పెన్సిల్‌తో గీయండి. క్లాసులో ఆ పేరాని మీరే పైకి చదువుతూ మధ్యలో ఆగి మీ ఆలోచన బయటపెట్టండి: 'నీటిమట్టం పెరిగి అన్నాడు, అంటే ముందు తక్కువుంది, ఎందుకు పెరిగింది, ఆ, గోడలా అడ్డం కట్టారు కదా.' అర్థమయ్యేలా చదివేవాళ్లు లోపల చేసే పని ఇదే, ఆ పని పిల్లలకి ఎవరూ వినిపించరు. తర్వాత పుస్తకం మూయించి ఐదుగురి చేత చెప్పించండి, ఫోన్‌లో రికార్డు చేయండి, ఇంటికెళ్లి వినండి. మీరు ఇక్కడే ఆగుతారనుకున్న చోట కాకుండా పిల్లలు వేరే చోట ఆగారని తెలుస్తుంది, వినడానికి పావుగంట కూడా పట్టదు. పక్క స్కూల్లో నాలుగు చెప్పే టీచరు కూడా అదే పేరా చేస్తే ఇద్దరి రికార్డింగులూ కలిపి వినొచ్చు. దీనికి సర్టిఫికెట్ ఇవ్వరు. నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి రీడింగ్ ట్రైనింగ్ మాత్రం లేదు.

బుక్ ఫెయిర్ సంగతి కూడా. విజయవాడలో జనవరిలో పుస్తకాల పండుగ జరిగినప్పుడు మనం మెటీరియల్ స్టాళ్ల దగ్గరే ఆగిపోతాం. పిల్లల పుస్తకాల స్టాళ్లలో నిలబడి మీకై మీరు ఓ గంట చదువుకోండి. నాలుగో తరగతి పిల్లవాడికి ఏ పుస్తకం ఇవ్వాలో తెలియని టీచరు చదివించడం గురించి ఎన్ని కోర్సులు చేసినా లాభం తక్కువ.

ప్రశ్న: నేను ప్రైవేటు స్కూల్లో ఐదో తరగతి టీచర్‌ని. మా యాజమాన్యం బయటినుంచి ఒక ట్రైనర్‌ని పిలిపించింది. పిల్లలు మూడు రకాలట, చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు, చేసి నేర్చుకునేవాళ్లు. మా క్లాసులో నలభై మందినీ మూడు లిస్టులుగా రాసిమ్మన్నారు. మా అత్తగారు చూసి 'మరి మావాడు తిని నేర్చుకుంటాడు, వాడిని ఏ లిస్టులో వేస్తావ్' అన్నారు. ఇది నిజంగా పనిచేస్తుందా?
టీచర్, పటమట

జవాబు: మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. పనిచేయదు. హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లో ఈ లెర్నింగ్ స్టైల్స్ పరిశోధనలన్నీ కూర్చుని పరిశీలించి, పిల్లవాడి స్టైలు కనిపెట్టి ఆ ప్రకారం పాఠం చెబితే ఎక్కువ నేర్చుకుంటాడనడానికి సరైన ఆధారం లేదని తేల్చారు. అయినా ఊరూరా వర్క్‌షాపులు నడుస్తూనే ఉన్నాయి, ఎందుకంటే వినడానికి బావుంటుంది, రెండు గంటల్లో చెప్పెయ్యొచ్చు, లెక్కలు రాకపోయినా చెప్పొచ్చు. బొమ్మ అవసరమా, మాట అవసరమా, చేత్తో చేయించడం అవసరమా అనేది పాఠాన్ని బట్టి ఉంటుంది. కోణం అంటే ఏంటో గీయకుండా ఎవరికీ చెప్పలేం, పద్యం వినిపించకుండా చెప్పలేం.

ఉద్యోగం ముఖ్యం కాబట్టి లిస్టు రాసి ఇచ్చేయండి, గొడవ వద్దు. పిల్లలకి మాత్రం నువ్వు ఫలానా రకం అని చెప్పకండి. పదేళ్ల పిల్లలు అలాంటివి పట్టుకుంటారు, 'నేను విని నేర్చుకునే టైపు మేడమ్, నాకు చదవడం పడదు' అని మనకే తిప్పి చెబుతారు. మళ్లీ ఏ వర్క్‌షాపుకి పిలవాలని యాజమాన్యం అడిగితే భిన్నాలు చెప్పడం మీద పెట్టమనండి. కింది ఉత్తరం అదే.

ప్రశ్న: అక్కా, 16,347 పోస్టుల మెగా డీఎస్సీలో ఎస్‌జీటీగా వచ్చాను. ఐదో తరగతి ఇచ్చారు. డీఎస్సీకి లెక్కలు బాగా ప్రాక్టీసు చేశాను, చేయడం వచ్చు. పిల్లలకి చెప్పడం మొదలుపెట్టాక భిన్నాల భాగహారం దగ్గర టెన్షన్ వస్తోంది. 'ఎందుకు తిరగేసి గుణించాలి టీచర్' అని ఒకడు అడిగాడు. రూల్ అంతే అన్నాను. వాడు నమ్మలేదు.
కొత్త టీచర్, తెనాలి మండలం

జవాబు: వాడు నమ్మకపోవడం మంచిది తల్లీ, వాడిని కాపాడుకో.

లిపింగ్ మా అనే ఆవిడ చేసిన ఒక పరిశోధన 1999లో అచ్చయింది. ఒకటీ ముప్పావుని అరతో భాగించమని, దానికి సరిపోయే కథా లెక్క ఒకటి చెప్పమని 23 మంది అమెరికా టీచర్లనీ 72 మంది చైనా టీచర్లనీ అడిగారు. అమెరికా వాళ్లలో సగం మంది కూడా సరైన జవాబు తేలేకపోయారు, సరైన కథ చెప్పింది ఒక్కరు. చైనా వాళ్లు అందరూ జవాబు చెప్పారు, చాలామంది సరైన కథ కూడా చెప్పారు. తమాషా ఏంటంటే చదువు, డిగ్రీలు అమెరికా వాళ్లకే ఎక్కువ. చైనా టీచర్లు తొమ్మిదో తరగతి తర్వాత రెండు మూడేళ్ల ట్రైనింగ్‌తో వచ్చినవాళ్లు. తేడా ఎక్కడుందంటే వాళ్లు ఒకే తరగతి చెప్పేవాళ్లు క్రమం తప్పకుండా కూర్చుని, టెక్స్ట్‌బుక్ ముందు పెట్టుకుని, ఈ లెక్క ఈ పాఠంలో ఎందుకుంది, ముందు ఏం రావాలి, పిల్లలు ఎన్ని రకాలుగా చేస్తారు అని ఏళ్ల తరబడి మాట్లాడుకుంటారు.

నీ పిల్లవాడికి జవాబు ఇలా చెప్పు. ఒకటీ ముప్పావు కిలో టమాటా ఉంది, అర కిలో చొప్పున కవర్లలో కట్టాలి. ఎన్ని కవర్లు? వాడే చెబుతాడు, మూడు నిండు కవర్లు, ఇంకా పావు కిలో మిగిలింది, అది అర కవరు. మూడున్నర. కిలోకి రెండు అర కిలోలు ఉంటాయి కాబట్టి ఎన్ని కిలోలుంటే దానికి రెట్టింపు కవర్లు వస్తాయి. అరతో భాగించడమంటే రెండుతో గుణించడం ఎందుకో అక్కడే ఉంది. తర్వాత కిలోలో మూడో వంతు చొప్పున కడితే ఎన్ని అని అడుగు. అప్పుడు రూల్ వాడే చెబుతాడు, నువ్వు చెప్పక్కర్లేదు.

ఇక నీ ట్రైనింగ్ నీ బల్ల మీదే ఉంది, నోటుబుక్కుల కట్ట. మనం నోట్సు కరెక్షన్ అంటే టిక్కు, ఇంటూ, సంతకం, తేదీ. ఒక్కసారి మార్కులు వేయకుండా తప్పుల్ని రకాలుగా విడదీసి చూడు. ఆరో వంతు కంటే ఎనిమిదో వంతు పెద్దది అన్నవాళ్లు ఒక కుప్ప, ఎందుకంటే ఎనిమిది పెద్ద అంకె. సగానికి మూడో వంతు కలిపితే ఐదింట రెండు అన్నవాళ్లు ఒక కుప్ప, పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కూడారు, అది సగం కంటే కూడా తక్కువైందని గమనించలేదు. దశాంశాలు వచ్చాక 0.6 కంటే 0.45 పెద్దది అన్నవాళ్లు ఇంకో కుప్ప, వీళ్లలో ఎక్కువమంది దాన్ని 'పాయింట్ ఫార్టీ ఫైవ్' అని చదువుతారు, మనమే అలా నేర్పాం, నలభై ఐదు ఆరు కంటే పెద్దదే కదా మరి. పాయింట్ ఫోర్ ఫైవ్ అని చదివించు. ముగ్గురు తప్పు చేస్తే ముగ్గురికీ ఒకే రెమీడియల్ క్లాసు పెడతాం, కానీ ముగ్గురిదీ ఒకే తప్పు కాదు. ఈ కుప్పలు వేయడం వచ్చిందంటే నీకు లెక్కలు చెప్పడం సగం వచ్చినట్టే, ఏ ఆర్పీ ముందైనా ధైర్యంగా మాట్లాడొచ్చు.

కొత్తలో మీ మండలంలో ఐదు చెప్పే సీనియర్ ఎవరైనా ఉంటే, హెచ్‌ఎం గారి అనుమతి తీసుకుని వాళ్ల లెక్కల పీరియడ్‌లో వెనక కూర్చో. చాలామంది సీనియర్లు అడిగితే సంతోషిస్తారు, ఎవరూ అడగరనే వాళ్ల బాధ.

ప్రశ్న: నేను ఆటో నడుపుతాను. మా పాప ప్రభుత్వ స్కూల్లో నాలుగు. టీచరమ్మ మంచిదే, కాని ఎప్పుడు చూసినా ట్రైనింగ్ అని వెళ్తుంది, ఆ రోజుల్లో ఐదు క్లాసులూ ఒకే గదిలో. ట్రైనింగ్ పిల్లల కోసమే అంటారు, పిల్లలేమో ఖాళీగా కూర్చుంటున్నారు. సెలవుల్లో పెట్టుకోకూడదా?
తండ్రి, నల్లపాడు

జవాబు: న్యాయమైన మాట అన్నా. విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకి ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన ఉండాలంది. ఇద్దరు టీచర్లున్న బడిలో ఒకరు వెళ్తే ఆ గంటలు పేరుకే ఉంటాయి. మీ వైపు మిరపకాయ కోతలప్పుడు వేరే ఊళ్ల నుంచి వలస వచ్చే కుటుంబాల పిల్లలు కూడా బడిలో చేరతారు, ఆ నెలల్లో టీచరు లేకపోవడం ఇంకా నష్టం. సెలవుల్లో పెడితే టీచర్లు గొణుగుతారు, అదీ నిజం, మే నెల ఎండలో ఫ్యాన్లు సరిగా తిరగని హాల్లో ఐదు రోజులు కూర్చోవడం కష్టమే. నా ఓటు మాత్రం చిన్న చిన్న ముక్కలకి: బడి వదిలాక గంట, స్కూల్లోనే, పిల్లల పుస్తకాలు ముందు పెట్టుకుని. మీరు పేరెంట్స్ మీటింగ్‌లో ఒక ప్రశ్న అడగండి, 'ట్రైనింగ్‌లో ఏం నేర్చుకున్నారమ్మా, మా పాపకి అందులో ఏది చెబుతున్నారు' అని, కోపంగా కాదు, మామూలుగానే. అడిగే తండ్రి ఒక్కడుంటే ట్రైనింగ్ నుంచి వచ్చే టీచరు కూడా ఏదో ఒకటి తెచ్చుకుంటుంది.

ప్రశ్న: మా స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బళ్లన్నీ కలిపిన గుంపు) మీటింగ్‌కి నేనే బాధ్యురాలిని. సగం సమయం యాప్‌ల గురించి, పెండింగ్ ఎంట్రీల గురించి పోతుంది. మిగిలిన సగంలో ఒకరు డెమో క్లాస్ చెబుతారు, అందరూ చప్పట్లు కొడతారు, టీ తాగి వెళ్తారు. మార్చాలని ఉంది.
హెచ్‌ఎం, మంగళగిరి ప్రాంతం

జవాబు: మేడమ్, స్కూల్ కాంప్లెక్స్ అనే ఆలోచన 1964-66 కొఠారీ కమిషన్‌ది. మన రాష్ట్రంలో పాతవాళ్లకి ఏపీపెప్ గుర్తుంటుంది, బ్రిటన్ సాయంతో 1980ల్లో మొదలైన ప్రైమరీ ప్రాజెక్టు, అప్పట్లో టీచర్స్ సెంటర్లు పెట్టారు, చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలుసుకుని పాఠాల గురించి మాట్లాడుకోవడమే వాటి పని. అంటే మీరు కోరుకునేది కొత్తదేం కాదు.

డెమో క్లాస్ గురించి మొహమాటం లేకుండా చెబుతాను, అది నాటకం. ముందే ప్రాక్టీసు చేయించిన పిల్లలు, రంగు చార్టులు, చూసేవాళ్లంతా టీచర్నే చూడడం. జపాన్‌లో నూరేళ్లకి పైగా ఉన్న పద్ధతి దీనికి సరిగ్గా తలకిందులు. నలుగురైదుగురు టీచర్లు కలిసి ఒక్క పాఠం తయారు చేస్తారు, పిల్లలు ఏం తప్పులు చేయొచ్చో ముందే రాసుకుంటారు, ఒకరు చెబుతారు, మిగతావాళ్లు పిల్లల పక్కన నిలబడి వాళ్లు ఏం రాస్తున్నారో చూస్తారు. తర్వాత మాట్లాడేది పాఠం గురించి. అందరూ కలిసి చేసిన పాఠం కాబట్టి చెప్పినావిడ మీద పడదు. అవసరమైతే మార్చి ఇంకో క్లాసులో మళ్లీ చెబుతారు.

మీరు చేయాల్సిందల్లా నాలుగు, ఐదు చెప్పేవాళ్లని విడి గదిలో కూర్చోబెట్టడం. ఒకటి, రెండు వాళ్లు వేరే. తలా ఐదు నోటుబుక్కులు తెమ్మనండి, బాగా రాసేవాళ్లవి వద్దు. యాప్ విషయాలు గ్రూపులో ముందు రోజే పెట్టేసి, సందేహాలుంటే చివర పది నిమిషాలు. పైనుంచి ఇచ్చిన ఎజెండా కూడా నడపాలి కాబట్టి దాన్ని ఎగ్గొట్టమని చెప్పను, వేగంగా చదివేయొచ్చు. మొదటి రెండు మీటింగుల్లో ఎవరూ నోరు విప్పరు, మన పిల్లల తప్పులు పదిమందిలో పెట్టడం మనకి అలవాటు లేదు. మీ స్కూలు నోటుబుక్కులే ముందు పెట్టండి, హెచ్‌ఎం పెట్టాక మిగతావాళ్లకి దారి ఏర్పడుతుంది.

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. ఇంత సర్వీసు చేశాక టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) రాయాలా? ఇది ట్రైనింగా, అవమానమా?
ఎస్‌జీటీ, గుంటూరు

జవాబు: అవమానంగా అనిపించడం సహజం. 2025 సెప్టెంబర్ 1న సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఐదేళ్ల కంటే ఎక్కువ సర్వీసు మిగిలినవాళ్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలి, అంతకంటే తక్కువ ఉన్నవాళ్లు కొనసాగవచ్చు గానీ ప్రమోషన్ కావాలంటే టెట్ ఉండాలి. ఆ తర్వాతి పరిణామాలు మీ యూనియన్ నాయకులని అడగండి, నేను చెప్పేది చదవడం గురించే. 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు. పరీక్ష పాసైతే టీచరు మెరుగవుతారని నేను అనుకోను, ఎవరు ఏ పిల్లవాడి దగ్గర ఆగి ఏం అడుగుతారో నాలుగు ఆప్షన్లలో తేలదు. కానీ పేపర్ 1లో శిశు వికాసం, బోధన మీద 30 మార్కులున్నాయి, ఆ భాగం మాత్రం గైడు పక్కనపెట్టి మీ అనుభవంతో కలిపి చదవండి. ప్రతి సిద్ధాంతం దగ్గరా మీ క్లాసులో ఒక పిల్లవాడు గుర్తొస్తాడు, బీఈడీ, డీఈడీ చదివేవాళ్లకి ఆ సౌకర్యం లేదు, కాబట్టి మీకు త్వరగా పట్టుబడుతుంది. లెక్కలకి మీరు రోజూ చెప్పే పుస్తకంతోనే మొదలుపెట్టండి. ఇంగ్లీషు దగ్గర భయముంటే ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చోండి, మీ వయసువాళ్లు మీ మండలంలోనే చాలామంది ఉంటారు, వాళ్లూ ఎవరు ముందు అడుగుతారా అని చూస్తుంటారు.